మంచులో రియర్ వీల్ డ్రైవ్ స్పోర్ట్స్ కారు: టైర్లు మార్చాలా, కారు మార్చాలా, మూలన పెట్టాలా?

చలికాలం దగ్గరపడుతోందనగానే వెనక చక్రాలతో నడిచే స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. మంచు పడ్డాక కూడా దీన్నే నడపాలా, కప్పేసి మూలన పెట్టి వేరే బండి చూసుకోవాలా, లేక అమ్మేసి నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే ఆల్ వీల్ డ్రైవ్ కొనుక్కోవాలా? ఎవరినడిగినా ఎక్కువమంది మూడోదే చెబుతారు. ముందు ఇంజన్, వెనక డ్రైవ్ ఉన్న చిన్న రెండు సీట్ల కారును నేను ఆరు చలికాలాలు రోజూ నడిపాను. నా మాట ఒక్కటే: కారు మార్చే ముందు టైర్లు మార్చండి. టైర్లు మార్చినా సరిపోని సందర్భాలు నిజంగానే కొన్ని ఉన్నాయి, వాటినీ దాచకుండా చెబుతాను.

ముందు ఒక చిన్న లెక్క చూడండి, మిగతాదంతా దీని మీదే ఆధారపడుతుంది. పొడి తారు రోడ్డు మీద మంచి టైరుకు ఘర్షణ గుణకం, అంటే రోడ్డు మీద టైరు పట్టును చెప్పే అంకె, సుమారు 0.8 నుంచి 1 దాకా ఉంటుంది. బండ్లు తిరిగి తిరిగి అణిగిపోయిన మంచు మీద అది 0.2, 0.3 మధ్యకు పడిపోతుంది. గట్టిగా గడ్డకట్టిన నీటి పొర, అంటే ఐస్ మీద 0.1, కొన్నిసార్లు అంతకన్నా తక్కువ. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కితే, కాలు పెడల్ మీదకు వెళ్లే సమయం వదిలేసి, పొడి రోడ్డు మీద సుమారు 12 మీటర్లలో ఆగే బండి అణిగిన మంచు మీద దాదాపు 40 మీటర్లు తీసుకుంటుంది. ఐస్ మీద 100 మీటర్లకు దగ్గరగా వెళుతుంది. ఈ లెక్కలో వేగం ఉంది, టైరు పట్టు ఉంది, ఇంజన్ శక్తి ఏ చక్రాలకు వెళుతోందన్నది మాత్రం ఎక్కడా లేదు. బ్రేకులు ప్రతి కారుకూ నాలుగు చక్రాలకూ ఉంటాయి మరి.

డ్రైవ్ తేడా తెలిసేది బయలుదేరేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు. అక్కడ తేడా పెద్దదే, కాదనను. బరువులో సగం వెనక చక్రాల మీద ఉన్న కారు 0.2 పట్టున్న మంచు మీద సుమారు 10 శాతం వాలు వరకే ఎక్కగలదు, అంటే 10 మీటర్ల దూరానికి 1 మీటరు ఎత్తు. అదే టైర్లతో ఆల్ వీల్ డ్రైవ్ 20 శాతం దాకా ఎక్కేస్తుంది. కానీ ఆ 20 శాతం వాలు దిగేటప్పుడు సంగతి ఆలోచించండి: టైర్లకున్న పట్టంతా బండి జారిపోకుండా పట్టుకోవడానికే ఖర్చయిపోతుంది, ఆపడానికి ఏమీ మిగలదు. వెనక డ్రైవ్ కారు ఎక్కలేక ఆగిపోయిన చోట రోడ్డు ఎంత జారుడుగా ఉందో మీకు అప్పుడే తెలిసిపోతుంది. ఆల్ వీల్ డ్రైవ్‌లో ఆ సంగతి మొదటి మలుపులోనో, మొదటి గట్టి బ్రేకులోనో తెలుస్తుంది. అందుకే మామూలు టైర్ల మీద ఉన్న ఆల్ వీల్ డ్రైవ్ కన్నా మంచి చలికాలపు టైర్ల మీద ఉన్న వెనక డ్రైవ్ కారునే నేను ఎక్కువ నమ్ముతాను.

టైర్లు: అసలు ఎంపిక ఇక్కడే

వేసవి టైర్లతో ఎలాగోలా నెట్టుకొద్దాం అనుకునేవాళ్లకు ముందే చెబుతున్నాను, వద్దు. స్పోర్ట్స్ కార్లకు కంపెనీ నుంచి వచ్చేవి ఎక్కువగా వేసవి టైర్లే, వాటి రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగువన బిరుసెక్కడం మొదలుపెడుతుంది. అంటే మంచు పడకపోయినా, పొడి రోడ్డు మీద చల్లటి ఉదయం పూటే పట్టు తగ్గిపోతుంది. రేస్ ట్రాక్ కోసం చేసిన మరీ మెత్తటి రకాలైతే మైనస్ 7 డిగ్రీల చుట్టుపక్కల నుంచి ట్రెడ్, అంటే నేలకు తగిలే గాట్ల భాగం, పగుళ్లివ్వచ్చు, అలాంటి చలిలో ఆ బండిని కదపడం కూడా మంచిది కాదు. నా మొదటి చలికాలం వేసవి టైర్లతోనే మొదలైంది. రెండు వేళ్ల మందం మంచు, పార్కింగ్ స్థలంలో కంటికి కూడా ఆనని వాలు, కారు పైకి కదల్లేదు. కాలు తీసేస్తే వెనక్కి, పక్కకి జారడం మొదలుపెట్టింది, బ్రేకు తొక్కి పట్టుకున్నా జారుతూనే ఉంది. పక్క కారుకు జానెడు దూరంలో ఆగింది. ఆ రోజు నుంచి ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

ఆల్ సీజన్ అని పిలిచే టైర్లలో జాగ్రత్తగా చూడాల్సింది పక్క గోడ మీద ఉన్న గుర్తు. ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అని ఉంటే అది ట్రెడ్ ఆకారం గురించి తయారీదారు చెప్పుకునే మాట మాత్రమే, దాని వెనక మంచు మీద చేసిన పరీక్ష అంటూ ఏదీ ఉండనక్కర్లేదు. మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు ఉన్న గుర్తు ఉంటేనే అది మంచు మీద పరీక్ష నెగ్గిన టైరు. జర్మనీలో 2024 అక్టోబరు నుంచి చలికాలపు టైరు అనిపించుకోవాలంటే ఈ కొండ గుర్తే ఉండాలి, ఎం ప్లస్ ఎస్ ఒక్కటీ ఉంటే చెల్లదు. అయితే కొండ గుర్తుకూ ఒక హద్దుంది: ఆ పరీక్ష చెప్పేది మంచు మీద పట్టు గురించే, ఐస్ గురించి కాదు. యూరప్‌లో అమ్మే టైర్ల లేబుల్ మీద 2021 నుంచి ఐస్ పట్టుకు వేరే బొమ్మ ఇస్తున్నది అందుకే.

కొండ గుర్తున్న ఆల్ వెదర్ టైర్లు, ఉదాహరణకు మిషలిన్ క్రాస్‌క్లైమేట్ 2 లాంటివి, ఏడాదంతా వేసుకోవచ్చు. చలికాలమంతా సున్నా డిగ్రీల చుట్టూ తిరుగుతూ, నెలకు రెండు మూడుసార్లు మంచు పడి అది కూడా మధ్యాహ్నానికి రోడ్ల మీద నుంచి తీసేసే చోట ఇవి సరిపోతాయి. రెండు సెట్ల చక్రాలు పెట్టుకునే జాగా లేనివాళ్లకు ఇదే దారి. కాకపోతే స్పోర్ట్స్ కారు కొన్నదే వేసవిలో మలుపుల్లో ఆనందం కోసమైతే, ఏడాది పొడవునా ఈ టైర్లు వేసి ఆ స్టీరింగ్ చురుకును మొద్దుబార్చుకోవడం నాకు ఇష్టముండదు.

ఇక గట్టిగా తేల్చుకోవాల్సింది రెండు రకాల అసలు సిసలు చలికాలపు టైర్ల మధ్య. ఒకటి పెర్ఫార్మెన్స్ వింటర్ రకం: మిషలిన్ పైలట్ ఆల్పిన్ 5, పిరెల్లి వింటర్ సొట్టోజీరో 3 ఈ కోవలోవి. రెండోది స్టడ్‌లెస్, అంటే మేకులు లేని ఐస్ రకం: బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్, మిషలిన్ ఎక్స్-ఐస్, నోకియన్ హక్కపెలిట్టా ఆర్ వరుస. రెండింటి మీదా అదే కొండ గుర్తుంటుంది, కాబట్టి గుర్తు చూసి తేడా కనిపెట్టలేరు. వేగం రేటింగ్, అంటే టైరు తట్టుకునే గరిష్ఠ వేగాన్ని చెప్పే అక్షరం, చూస్తే చాలావరకు తెలుస్తుంది. మొదటి రకానికి సాధారణంగా హెచ్ లేదా వి, అంటే గంటకు 210 లేదా 240 కిలోమీటర్లు. రెండో రకానికి క్యూ, ఆర్, టి, హెచ్ లాంటివి కనిపిస్తాయి, క్యూ అంటే 160, టి అంటే 190. ఆ వేగంలో వెళతామని కాదు, ఆ అక్షరం టైరు ఎంత బిగువుగా ఉందో సుమారుగా చెబుతుంది.

పెర్ఫార్మెన్స్ వింటర్ టైరు ట్రెడ్ దిమ్మెలు గట్టిగా ఉంటాయి. చల్లటి పొడి రోడ్డు మీద, వాన తడి మీద, నీళ్లు కలిసిన మంచు బురదలో ఇది హాయిగా నడుస్తుంది, స్టీరింగ్ తిప్పగానే కారు మాట వింటుంది. స్టడ్‌లెస్ టైరు మెత్తటి రబ్బరుతో, ట్రెడ్ నిండా సన్నటి కోతలతో ఐస్ మీద పట్టు కోసం పుట్టింది. దాన్ని స్పోర్ట్స్ కారుకు వేసి 5 డిగ్రీల పొడి రోడ్డు మీద మలుపు తిరిగితే చెప్పుల కింద స్పాంజి కట్టుకుని నడిచినట్టుంటుంది, స్టీరింగ్ తిప్పాక ఒక క్షణం ఆగి కారు కదులుతుంది. కానీ బండ్లు ఆగి ఆగి అద్దంలా మెరిసిపోయిన కూడలిలో ఎర్ర లైటు దగ్గర ఆగాల్సి వచ్చినప్పుడు ఆ మెత్తదనమే మిమ్మల్ని కాపాడుతుంది.

నేను మొదట పెర్ఫార్మెన్స్ రకం కొన్నాను, కారు స్పోర్ట్స్ కారు కదా అని. రెండు చలికాలాలు వాడాక స్టడ్‌లెస్‌కు మారాను, తిరిగి వెళ్లలేదు. కారణం నా దారి. హైవే భాగం తక్కువ, ఉప్పు చల్లని చిన్న వీధులు, కూడళ్లు ఎక్కువ, వారాల తరబడి ఐస్ కరగదు. మీ దారి ఎక్కువ భాగం శుభ్రం చేసిన హైవే అయితే నా ఎంపిక మీకు తప్పు ఎంపిక అవుతుంది. కాబట్టి కొనే ముందు మీ రోజువారీ దారిలో అన్నిటికన్నా చెడ్డ 500 మీటర్లు ఏవో గుర్తు తెచ్చుకోండి, అక్కడ కనిపించేది మంచు బురదా, మెరిసే ఐసా అన్నదాన్ని బట్టి టైరు ఎంచుకోండి. ఇంకో సంగతి, ఐస్ అన్నిటికన్నా ఎక్కువ జారేది విపరీతమైన చలిలో కాదు, సున్నా డిగ్రీల దగ్గర, పైన సన్నటి నీటి పొర తేలినప్పుడు. మైనస్ 20లో ఐస్ కొంత గరుకుగానే ఉంటుంది. అందుచేత మాది మరీ చలి ప్రాంతం కాదులే, ఐస్ టైరు ఎందుకు అనుకోవడం సరైన లెక్క కాదు.

ట్రెడ్‌లో లోహపు మేకులున్న టైర్ల గురించి ఎక్కువ చెప్పను. తడి ఐస్ మీద వాటిని మించినవి లేవు. కానీ చాలా చోట్ల చట్టం ఒప్పుకోదు, తారు రోడ్డు మీద రొద, రోడ్డు అరుగుదల, పైగా స్పోర్ట్స్ కారు సైజుల్లో దొరకడమే అరుదు. నార్వే, స్వీడన్, ఫిన్లండ్ లాంటి చోట్ల నెలల తరబడి ఐస్ మీదే నడిపేవాళ్లు తప్ప మిగతావాళ్లు వదిలేయవచ్చు.

ఏ రకం కొన్నా నాలుగూ కొనండి. నాకు టైర్లు బిగించినాయన మొదటిసారి ఏమన్నాడంటే, శక్తి వెనక్కే వెళుతుంది కాబట్టి వెనక రెండు మార్చితే చాలు, ఖర్చు సగం తగ్గుతుంది అని. వినడానికి సబబుగానే ఉంటుంది, ఒప్పుకున్నాను కూడా. కారు బయలుదేరడం బ్రహ్మాండంగా బయలుదేరింది, మొదటి మలుపులో స్టీరింగ్ తిప్పితే మాత్రం ముందు చక్రాలు తిరిగాయి, కారు తిరగలేదు, నేరుగా రోడ్డు పక్క మంచు కుప్పలోకి వెళ్లింది. ముందు మాత్రమే మార్చితే ఇంకా ప్రమాదం, బ్రేకు వేయగానే వెనక భాగం చుట్టు తిరిగి ముందుకొచ్చేస్తుంది.

ట్రెడ్ గాట్ల లోతు సంగతి కూడా గుర్తుంచుకోండి. చట్టప్రకారం చాలా చోట్ల 1.6 మిల్లీమీటర్లు మిగిలి ఉంటే చాలు, మంచులో మాత్రం 4 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే ఆ టైరు పని అయిపోయినట్టే. ఆస్ట్రియాలో చలికాలపు రేడియల్ టైరుకు 4 మిల్లీమీటర్లు ఉండాలని చట్టమే చెబుతుంది.

సైజు: చలికాలానికి సన్నటిదే మేలు

స్పోర్ట్స్ కారు వాళ్లకు మనసొప్పని విషయం ఇది. వెడల్పు టైరు మంచు మీద తేలుతుంది, సన్నటి టైరు అదే బరువును తక్కువ జాగాలో మోపుతుంది కాబట్టి మెత్తటి మంచును, బురదను కోసుకుంటూ కిందికి దిగుతుంది. అందుకని చక్రం ఒకటి రెండు అంగుళాలు తగ్గించి, టైరు పక్క గోడ ఎత్తు పెంచి, మొత్తం వ్యాసం మారకుండా చూసుకోవాలి. ఉదాహరణకు వేసవిలో 245/35 ఆర్19 (వెడల్పు మిల్లీమీటర్లలో, గోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో, రిమ్ము అంగుళాల్లో) ఉన్న కారుకు 225/50 ఆర్17 వేస్తే వ్యాసంలో తేడా అర శాతం లోపే, స్పీడోమీటరు, ఏబీఎస్ ఏవీ గందరగోళపడవు. గోడ ఎత్తుగా ఉండటం వల్ల మంచు కింద దాగిన గుంటల్లో రిమ్ము వంగే ప్రమాదం కూడా తగ్గుతుంది. చిన్న సైజు టైర్లు చవక కూడా.

అడ్డం వచ్చేది బ్రేకులు. పెద్ద కాలిపర్లు (బ్రేకు డిస్కును పట్టి నొక్కే భాగాలు) ఉన్న కార్లకు 17 అంగుళాల రిమ్ము పట్టకపోవచ్చు, కొనేముందు బిగించి చేత్తో తిప్పి చూడాల్సిందే, లేదా ఆ మోడల్‌కు కంపెనీ ఒప్పుకున్న చలికాలపు సైజులు మాన్యువల్లో చూసుకోవాలి. ముందు సన్నం, వెనక వెడల్పు ఉండే కార్లకు నాలుగూ ఒకే సైజు పెట్టగలిగితే టైర్లను ముందు వెనకలు మార్చుకుంటూ సమానంగా అరగదీయవచ్చు. అయితే పోర్షె 911 లాంటి వెనక బరువు కార్లకు కంపెనీ చెప్పిన కొలతలు దాటకండి, అక్కడ వెనక టైరు వెడల్పు కారు నిలకడలో భాగం.

గాలి ఒత్తిడి వారానికొకసారి చూడండి. ఉష్ణోగ్రత 6 డిగ్రీలు పడితే సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది, వెచ్చటి గ్యారేజీలో నింపిన గాలి బయట మైనస్ 10లో చాలా తక్కువ చూపిస్తుంది.

మీ ఇంజన్ ఎక్కడుంది?

వెనక డ్రైవ్ అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. ఇంజన్ వెనకున్న పోర్షె 911లో బరువు 60 శాతానికి పైగా వెనక చక్రాల మీదే ఉంటుంది, అందుకే అది మంచులో ఆశ్చర్యపోయేంత బాగా బయలుదేరుతుంది, కొండలు ఎక్కుతుంది. కానీ ముక్కు తేలిక, మలుపులోకి వెళ్లేటప్పుడు ముందు చక్రాలు ఆలస్యంగా పట్టుకుంటాయి, భయపడి ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేస్తే ఆ వెనక బరువు లోలకంలా ఊగి కారును తిప్పేస్తుంది. కేమన్, సీ8 కార్వెట్ లాంటి మధ్య ఇంజన్ కార్లకు కూడా వెనక బరువు బాగానే ఉంటుంది, బయలుదేరడంలో ఇబ్బంది లేదు. వాటితో చిక్కల్లా బరువంతా మధ్యలో ఉండటం వల్ల తిరగడం మొదలైతే గిర్రున తిరుగుతాయి, సర్దుకోవడానికి మీకు దొరికే సమయం చాలా తక్కువ. మాజ్దా ఎంఎక్స్-5, టొయోటా జీఆర్86 లాంటి ముందు ఇంజన్ కార్లు బయలుదేరడంలో అన్నిటికన్నా వెనకబడతాయి, జారడంలో మాత్రం నెమ్మదిగా, ముందే చెప్పి జారతాయి. కొత్తగా మంచులో నేర్చుకునేవాళ్లకు తక్కువ శక్తి ఉన్న ఈ తేలిక కార్లే నయం. అదే ముందు ఇంజన్ అయినా భారీ వి8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్), ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే విపరీతమైన టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, ఉన్న కారయితే కాలి బొటనవేలు కదిలినా వెనక చక్రాలు గిర్రుమంటాయి. అలాంటిదానికి శక్తిని మెల్లగా అందించే స్నో మోడ్ ఉంటే వాడండి, గేర్ల బండి అయితే రెండో గేరులో బయలుదేరండి.

డిక్కీలో ఇసుక బస్తాలు వేసుకోమన్న సలహా అందరూ ఇస్తారు. లెక్క వేసి చూద్దాం. డ్రైవరుతో కలిపి 1,100 కిలోలు, వెనక సగం బరువున్న కారుకు సరిగ్గా వెనక ఇరుసు మీద 40 కిలోలు పెట్టామనుకోండి. వెనక వాటా 50 శాతం నుంచి 52 దాకా వెళుతుంది, 10 శాతం వాలు ఎక్కే కారు 10.4 శాతం ఎక్కుతుంది. అంతే! టైరు మార్చి పట్టు 0.2 నుంచి 0.3కు పెంచితే అదే కారు 15 శాతం ఎక్కుతుంది. ఆ 40 కిలోలను ఆపాల్సింది కూడా మీ బ్రేకులే, మలుపులో పక్కకు లాగేది కూడా ఆ బరువే. ఇరుసుకు బాగా వెనకగా పెడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ ఇంకా పాడవుతుంది. ముందు బరువెక్కువున్న పికప్ ట్రక్కుకు ఉపయోగపడే ఉపాయం స్పోర్ట్స్ కారుకు పెద్దగా పనిచేయదు. ఇసుక ఒక చిన్న సంచిలో పెట్టుకోండి, ఇరుక్కున్నప్పుడు చక్రం కింద చల్లడానికి పనికొస్తుంది, పార కూడా ఒకటి పెట్టుకోండి.

వెనక రెండు చక్రాలకూ శక్తిని పంచే భాగం డిఫరెన్షియల్, ఒక చక్రం జారినా రెండోదానికి శక్తి అందించే రకం లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఎల్‌ఎస్‌డీ). అది ఉంటే మంచిదా అంటే, బయలుదేరడానికి మంచిదే. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక చక్రం ఐస్ మీద ఉంటే రెండోది కూడా నీరసపడిపోతుంది. ఎల్‌ఎస్‌డీ ఉంటే రెండూ లాగుతాయి, అయితే జారితే రెండూ కలిసే జారతాయి, వాలుగా ఉన్న రోడ్డు మీద వెనక భాగం మెల్లగా పల్లం వైపు దిగిపోతుంది. దీనికోసం ప్రత్యేకంగా ఖర్చు పెట్టి వేయించుకోవాల్సిన పని లేదు.

కారు అదుపు తప్పి తిరగకుండా తనే సర్దే స్టెబిలిటీ కంట్రోల్ మాత్రం చలికాలమంతా ఆన్‌లోనే ఉంచండి. బండి ఇరుక్కుపోయి, చక్రాలు ఊరికే తిరగకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ఇంజన్‌ను పూర్తిగా నొక్కేస్తూ కదలనివ్వకపోతే అప్పుడు ట్రాక్షన్ ఒక్కటీ ఆపి, బయటపడగానే మళ్లీ వేసేయండి.

నడిపే పద్ధతిలో వెనక డ్రైవ్‌కే చెందిన జాగ్రత్త ఒకటి గట్టిగా చెప్పాలి. జారుడు రోడ్డు మీద గేరు తగ్గించి క్లచ్ టక్కున వదిలితే ఇంజన్ బ్రేకింగ్ అంతా వెనక చక్రాల మీదే పడుతుంది, హ్యాండ్ బ్రేకు లాగినట్టే. మలుపులో అదే చేస్తే కారు తిరిగిపోతుంది. వెనక మోటారున్న ఎలక్ట్రిక్ కారులో కాలు తీయగానే వచ్చే రీజెన్ (మోటారే బ్రేకులా పనిచేసి బ్యాటరీని నింపడం) కూడా ఇదే పని చేస్తుంది, చలికాలంలో దాన్ని తక్కువలో పెట్టుకోండి. వెనక భాగం కుడికి జారితే స్టీరింగ్ కుడికే, చూపు మీరు వెళ్లాల్సిన దారి మీద, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు మెల్లగా తీయాలి, బ్రేకు జోలికి పోవద్దు. దీన్ని చదివి నేర్చుకోలేం, అనుమతి ఉన్న ఖాళీ మైదానంలో గంటకు 20, 30 కిలోమీటర్ల వేగంలో పదిసార్లు చేసి చూడాల్సిందే.

టైర్లతో తీరని సమస్యలు

స్పోర్ట్స్ కార్లకు నేల నుంచి ఎత్తు ఎక్కువగా 12, 13 సెంటీమీటర్లే. కొత్తగా పడిన మంచు దాదాపు 10 సెంటీమీటర్లు దాటిందంటే బంపరు మంచును తోసుకుంటూ వెళుతుంది, తర్వాత కారు అడుగు భాగం మంచు మీద కూర్చుంటుంది, చక్రాల మీద బరువు తగ్గిపోయి ఎంత గొప్ప టైరైనా ఊరికే తిరుగుతుంది. ఇక్కడ ఆల్ వీల్ డ్రైవ్ సెడాన్ కూడా చేతులెత్తేస్తుంది, ఎత్తైన బండే కావాలి. మీ వీధి మంచును వెంటనే తీసేస్తారా, తెల్లవారి మీరు బయలుదేరే వేళకు 15 సెంటీమీటర్లు అలాగే ఉంటుందా? చలికాలంలో అలాంటి రోజులు రెండు మూడైతే ఆ రోజుల్లో బయటికి తీయకుండా సర్దుకోవచ్చు. వారానికి రెండైతే మాత్రం ఈ కారుతో కుదరదు.

గొలుసులతో గట్టెక్కుదాం అనుకుంటే ముందు మాన్యువల్ చదవండి. చాలా స్పోర్ట్స్ కార్లకు టైరుకూ సస్పెన్షన్‌కూ మధ్య జాగా లేక గొలుసులు వద్దనే రాస్తారు, లేదా ఫలానా సన్నటి సైజు టైరుకు ఫలానా పలచటి గొలుసు మాత్రమే అంటారు. వేస్తే వెనక చక్రాలకు వేయాలి, సాధారణంగా గంటకు 50 కిలోమీటర్లు దాటకూడదు. జాగా లేని కార్లకు గుడ్డతో చేసిన మంచు తొడుగులు మంచి ప్రత్యామ్నాయం, డిక్కీలో చిన్నగా ఇమిడిపోతాయి, ఒక కొండ దాటడానికి సరిపోతాయి. తారు మీద నడిపితే చిరిగిపోతాయి కాబట్టి రోజూ వాడకానికి కాదు.

తర్వాత ఉప్పు. రోడ్లకు ఉప్పు చల్లే చోట ఇది కారు ఆయుష్షు విషయం. వాతావరణం సున్నా పైకి వచ్చిన రోజల్లా అడుగు భాగం కడగాలి, ముఖ్యంగా చక్రాల గూళ్లు, సబ్‌ఫ్రేము మూలలు. చలికాలం మొదలవక ముందే అడుగున తుప్పు నివారణ పూత వేయించుకుంటే చాలా మేలు. పాతబడి అరుదైపోయిన కారయితే నేను ఉప్పు రోడ్డు మీదకు అసలు తీయను, ఎన్ని టైర్లున్నా సరే. ఇనుము పోతే తిరిగి రాదు.

చిన్నవే అయినా విసిగించేవి ఇంకొన్ని ఉన్నాయి. ఫ్రేము లేని తలుపు అద్దాలు తలుపు తీయగానే కొంచెం కిందికి దిగాలి, రబ్బరుకు ఐస్ పట్టి దిగకపోతే బలవంతంగా లాగకండి, రబ్బరుకు ముందే సిలికాన్ రాసి ఉంచండి. గుడ్డ టాపుకు ప్లాస్టిక్ వెనక అద్దం ఉంటే చలిలో టాపు మడవకండి, పగులుతుంది. రాత్రి చక్రాల లోపలివైపు మంచు గడ్డకడితే పొద్దున హైవే మీద స్టీరింగ్ వణుకుతుంది, ఏదో విరిగిందని కంగారు పడకుండా ఆగి ఆ మంచు గోకేయండి.

ఎవరికి ఏది

రోడ్లు త్వరగా శుభ్రమయ్యే చోట, పెద్ద వాలులు లేకుండా, ఎక్కువగా హైవే మీద తిరిగేవాళ్లయితే పెర్ఫార్మెన్స్ వింటర్ టైర్లు, ఒక సైజు తక్కువ రిమ్ములు, అంతటితో ఆగండి. చిన్న వీధులు, ఐస్ పట్టిన కూడళ్లు ఎక్కువైతే స్టడ్‌లెస్. చలికాలమంతా కలిపి నాలుగైదు రోజులే మంచు చూసేవాళ్లకు, ఆ రోజుల్లో ఇంట్లో ఉండగలిగేవాళ్లకు కొండ గుర్తున్న ఆల్ వెదర్ చాలు.

ఇంటికి వెళ్లే దారిలో 12, 15 శాతం వాలు ఉండి, దాని మీద మంచు రోజుల తరబడి నిలిచేట్టయితే నేను కూడా ఆల్ వీల్ డ్రైవే చెబుతాను, చలికాలపు టైర్లతో. రాత్రీ పగలూ తేడా లేకుండా పిలుపు వస్తే కదలాల్సిన ఉద్యోగమైనా అంతే. ఈ సందర్భంలో కూడా స్పోర్ట్స్ కారును అమ్మేయనక్కర్లేదు, పాత ఎత్తైన బండి ఒకటి చలికాలానికి చూసుకుని దీన్ని మూలన పెట్టడం మంచి మార్గం. అయితే రెండో బండి బీమా, పార్కింగ్ జాగా, మరమ్మతులు అన్నీ కలిపి చూస్తే నాలుగు టైర్లు, నాలుగు రిమ్ముల ఖర్చును చాలా త్వరగా దాటేస్తుంది. టైర్ల సెట్టు అయితే వేసవి టైర్ల అరుగుదల ఆ నాలుగు నెలలూ ఆగుతుంది కాబట్టి పెట్టిన డబ్బులో కొంత అలాగే తిరిగొస్తుంది.

మూలన పెట్టేవాళ్లు కారు కడిగి ఆరబెట్టి, ట్యాంకు నింపి, బ్యాటరీకి మెయింటెనెన్స్ చార్జరు తగిలించి, టైర్లలో గాలి కొంచెం ఎక్కువ పెట్టి, హ్యాండ్ బ్రేకు వేయకుండా చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టండి. వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఊరికే తిప్పడం వద్దు, ఇంజన్ పూర్తిగా వేడెక్కక లోపల తేమ చేరుతుంది.

నడిపేవాళ్లు మొదటి మంచు కోసం ఎదురుచూడకండి. పొద్దుటి ఉష్ణోగ్రత వరసగా 7 డిగ్రీల కన్నా తక్కువ ఉంటోందంటే టైర్లు మార్చేయండి, మంచు పడ్డ రోజున అందరూ ఒకేసారి మార్పించుకోవడానికి వస్తారు, మీ సైజు దొరకదు.